అక్క ముందు రాని మాట

కర్టెన్లు కుట్టే కొట్టులో ఆమెను అందరూ సూదమ్మ అనేవారు. మనిషి సన్నం, మాట వాడి. తొమ్మిదో నెలలోనూ మిషను వదల్లేదు. పొట్ట అడ్డొస్తే కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాచి కుట్టేది. "పుట్టేసరికే పని నేర్చేసుకుంటుంది, జీతం అడక్కపోతే చాలు" అని యజమానురాలిని నవ్వించేది.

ఆ నవ్వు ఆసుపత్రిలో ఆగింది. నెలలు నిండాక చేసే మామూలు పరీక్షలో, ప్రసవమార్గంలో ఏదో బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది.

"నీకేం కాదమ్మా, చాలామందిలో ఉంటుంది," అంది డాక్టరమ్మ. "కాన్పులో బిడ్డకు అంటకుండా, నొప్పులు మొదలవగానే సెలైన్‌లో మందు ఎక్కిస్తాం. నువ్వు ఆలస్యం చెయ్యకుండా వస్తే చాలు."

"అంటితే?"

"అరుదు. అంటితే మాత్రం పుట్టిన ఒకట్రెండు రోజుల్లోనే జ్వరం వస్తుంది. పాలు తాగదు, మూలుగుతుంది."

ఆ మూలుగు సూదమ్మ విన్నదే. అక్క తొలిచూలు బిడ్డ పుట్టిన మర్నాడే పాలు మానేసి, పిల్లికూనలా మూలిగింది. సాయంత్రానికి అదీ ఆగిపోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. చూడవచ్చినవాళ్లు మాత్రం తలో మాటా అన్నారు: పాలు సరిగ్గా పట్టలేదని, చన్నీళ్లు తగిలాయని. అక్క అన్నిటికీ తలూపింది. తర్వాత ఆమెకు మళ్లీ కడుపు పండలేదు.

ఆ అక్కే ఇప్పుడు చెల్లెలికి సాయంగా వచ్చి ఉంది.

"డాక్టరమ్మ ఏమందే?"

"అంతా బాగానే ఉందంది."

అబద్ధం తేలిగ్గానే వచ్చింది, మొయ్యడమే కష్టమైంది. భర్త చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ రోజు నుంచి మిషను చప్పుడు మధ్యలో మూలుగు వినిపించేది. మిషను ఆపి చెవులు రిక్కిస్తే ఏమీ ఉండేది కాదు. బిడ్డ కాసేపు కదలకపోతే పొట్ట తట్టి లేపేది. కడిగితే పోయేది కాదని డాక్టరమ్మ చెప్పినా, ఒళ్లు ఎర్రబడేదాకా తోముకునేది.

ఒక మధ్యాహ్నం కొట్టులోనే ఉమ్మనీరు పోయింది. యజమానురాలు కారులో తీసుకెళ్లింది. కబురందుకున్న అక్క ఆసుపత్రి గుమ్మంలోనే కలిసి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే ఉండగా, నర్సుకు విషయం చెప్పాలి. ఒక నొప్పి వచ్చి పోయాక సూదమ్మ కళ్లు మూసుకుని అనేసింది.

"నాకు బ్యాక్టీరియా ఉందన్నారు. మందు వెంటనే పెట్టండి. లేకపోతే బిడ్డ బతకదు."

సెలైన్ సీసా తగిలించి నర్సు వెళ్లాక అక్క అడిగింది.

"అదేనా, నా పిల్లని..."

"తెలీదక్కా."

"నేను చన్నీళ్లే అనుకున్నానే, ఇన్నాళ్లూ."

మందు సమయానికే అందింది. పొద్దుపోయేసరికి ఆడపిల్ల పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. నర్సులు మాటిమాటికీ వచ్చి ఒళ్లు వేడి చూసి, పరవాలేదన్నారు. పిల్ల పాలు తాగింది. అక్క మాత్రం ఎత్తుకోలేదు. ఊపిరి వింటూ ఉయ్యాల పక్కనే కూర్చుంది.

ఇంటికి పంపే రోజున అక్క డాక్టరమ్మను ఆపి, తన బిడ్డ సంగతంతా చెప్పింది.

"అది ఇదేనని ఇప్పుడు చెప్పలేమమ్మా. కావచ్చు. కానీ నీ వల్ల పోలేదు."

"ఇంకోసారి చెప్పండి," అంది అక్క.

డాక్టరమ్మ చెప్పింది. అక్క వరండాలో బెంచీ మీద కూలబడింది. సూదమ్మ బిడ్డతో వచ్చి పక్కన కూర్చుంది. కారు వచ్చిందని భర్త పిలిచాడు.

"కాసేపు ఆగమనవే," అంది అక్క.