దొర బంగళాకి నేను పూసిన సిమెంటు

మొన్న మా ఫ్లాటు గోడ గీకుతున్న పెయింటరు "తడి లోపలే ఉండిపోయిందండీ" అంటే మొహం తిప్పుకున్నాను. ఇరవై పైచిలుకు ఏళ్ల కిందట అలాంటి తడినే ఓ ఇంటి గోడల్లో బంధించింది నేనే.

సత్తెనపల్లి అవతల, కంపెనీ కాలంలో ఒక దొర కట్టించుకున్న బంగళా అది. తన దేశంలో తను పుట్టిన ఇంటిలాగే కావాలన్నాడట. నడిమధ్యన తలుపు, అటు నాలుగు కిటికీలు, ఇటు నాలుగు, ముందు గుండ్రటి స్తంభాలు. హాల్లో చలి కాచుకునే పొయ్యి కూడా పెట్టించాడు. పల్నాటి ఎండల్లో దాన్ని ఎవరు వెలిగిస్తారు! ప్లాను దొరది గానీ, మూడడుగుల మందాన సున్నపు గోడలూ, టేకు దూలాల మీద ఇటుక పేర్చిన కప్పూ మన మేస్త్రీల పనే. చివరికది చర్చి వాళ్ల ఆడపిల్లల హాస్టలైంది. పొయ్యిలో పిల్లల చెప్పులుండేవి.

తొంభైల చివర, డిప్లొమా చేతికి రాగానే దాని మరమ్మతు నాకిచ్చారు. సున్నం మేస్త్రీ అయిన మా పెదనాన్న చూడ్డానికొచ్చాడు. "ఒరేయ్ ఇంజినీరూ, ఆ గోడ వానకి తడుసుద్ది, ఎండకి ఆరుద్ది. సిమెంటు పూస్తే లోపలి తడి యాడికి పోద్దిరా?"

"నీ కాలం అయిపోయింది పెదనాన్నా" అన్నాను, కూలీలందరి ముందూ.

పాత సున్నం మీద సిమెంటే పూయించాను. రెండు వానాకాలాలకే గోడలు ఉబ్బాయి. ఓ మధ్యాహ్నం పెద్ద పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ మంచం పిల్ల బడికెళ్లబట్టి బతికింది. బంగళా పడగొట్టాలని చర్చి కమిటీ కూర్చుంది. "పాత ఇల్లండి, ఆయుష్షు తీరింది" అన్నాను నేను. వార్డెనమ్మ ఊరుకోలేదు.

"ఇన్నేళ్లు పడని పెచ్చు మీరు ముట్టుకున్నాకే పడిందేంటండీ?"

అందరూ నవ్వారు. సంఘ పెద్దగా వెనక బల్ల మీదున్న పెదనాన్న నవ్వలేదు. ఒక్క మాటతో నన్ను పట్టించగలిగిన మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. అది చూడలేక లేచాను. "తప్పు ఇంటిది కాదండి, నాది. సిమెంటు వద్దని చెప్పినా పూశాను. ఈ వేసవిలో నేనే ఊడగొట్టి సున్నం వేస్తాను. వానలకి నిలవకపోతే అప్పుడు పడగొట్టండి."

బయటికొచ్చాక "ఏరా, సున్నం పని వచ్చా నీకు?" అన్నాడు పెదనాన్న.

"రాదు."

"అయితే పొద్దున్నే రా."

వేసవంతా ఉలి పట్టి గోడలు చెక్కాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నానుతున్న సున్నం ముట్టబోతే ఆయన కర్రతో చేతి మీద ఒకటిచ్చేవాడు: "ఇంకో వారం!" నానిన సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి దంచి, పలచగా పూత మీద పూత వేశాం. వానలొచ్చాయి. గోడలు తడిశాయి, ఆరాయి. పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుంటూ తిరిగొచ్చారు.

బంగళా ఇంకా ఉంది. సున్నం నానేదాకా ఆగడం నాకు చేతనయ్యేసరికి, పక్కన కూర్చుని ఆగడానికి ఆయన లేడు.