వెలియాళ్ళతో చెప్పకూడదు

పోలీసు విచారణలో సమను అందుకున్నవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఏదో దేశంలో చట్టం చేస్తున్నారట. ఎన్నాళ్ళు చెప్పకూడదు, ఎవరికి చెప్పవచ్చు, నోరు జారితే ఏం శిక్ష అని పెద్దలు కూర్చుని వాదించుకుంటున్నారని మొన్న పేపర్లో చదివాను. పేపరు మడిచి పక్కన పెట్టాను గానీ రోజంతా మనసు దాని మీదే ఉంది. నన్ను పిలిచి అడిగితే ఒక పూటంతా చెప్పేవాణ్ణి. ఎలాగూ పిలవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవి, బడిలో నాకు నేర్పింది తమిళమే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది కోయంబత్తూరు. మా వాళ్ళు తెలుగు నేల వదిలి ఎన్ని తరాలైందో మాలో ఎవరికీ లెక్క తెలియదు. మా వీధిలో ముప్ఫై ఇళ్ళు, ముప్ఫైలోనూ మిల్లు పనివాళ్ళే. మిల్లు సైరన్ను మేము సంగు అనేవాళ్ళం. సంగు ఊదితే లేవడం, సంగు ఊదితే తినడం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధి మనిషి మిల్లులో ఎదురుపడితే, పక్కన ఎంతమంది ఉన్నా సరే, తెలుగే మాట్లాడాలి. తమిళం మాట్లాడామంటే ఆ మనిషి వెలియాళు.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. తమిళంలో వెలియాళ్ అంటే బయటి మనిషి, ముక్కూ మొహం తెలియనివాడు. మా ఇళ్ళలో ఆ మాట కాస్త జారింది. తెలుగు రాని ప్రతివాడూ మాకు వెలియాళే, ముప్ఫై ఏళ్ళు పక్కింట్లో ఉన్నా సరే. తెలుగు వచ్చినవాడు ఎన్నటికీ వెలియాళు కాడు, వాడితో మనకు మాటలు లేకపోయినా సరే. ఈ తేడా మాకు ఉగ్గుపాలతో వచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

నాన్న పోయిన ఏడాదికి, నా ఇరవై మూడో ఏట, మిల్లు గేటు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ పని ఇప్పించింది మా వీధి ఫిట్టరు మామ. చుట్టరికం ఏమీ లేదు, వీధంతా ఆయన్ను మామ అనే పిలిచేది. నా కోసం మేనేజరు గది ముందు మూడు రోజులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను "అల్లుడా" అనేవాడు. ఆయనకు కూతుళ్ళు లేరు, అందుకని ఆ పిలుపు వింటే నాకు భయం ఉండేది కాదు.

నా పని గేటు బుక్కు రాయడం. షిఫ్టు మధ్యలో ఎవరు బయటికి వెళ్ళారు, ఎవరి చీటీ మీద వెళ్ళారు, ఎన్ని గంటలకు వెళ్ళారు, అన్నీ అందులో ఉండాలి. సాయంత్రం సంగు ఊదాక బయటికి పోయేవాళ్ళ క్యారేజీలు మూత తీయించి చూడాలి. మామ క్యారేజీ మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన దాన్ని ఊపుకుంటూ వచ్చి, "ఏమిరా అల్లుడా, తింటివా?" అని అడిగి, నా జవాబు వినకుండానే పోయేవాడు.

ఒక ఏడు వర్క్‌షాపులో రాగి తీగ చుట్టలు, ఇత్తడి బేరింగులు పోయాయి. సరుకు తగ్గిందని తెలిసిందే చాలా రోజుల తర్వాత. ఏ రోజు పోయిందో మిల్లులో ఎవరికీ తెలియదు. వర్క్‌షాపు తాళంచెవి మామ దగ్గర ఉండేది కాబట్టి అందరి కళ్ళూ ఆయన మీదే పడ్డాయి. పోలీసులు రెండుసార్లు స్టేషనుకు పిలిచి, పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. అరెస్టు చేస్తారని మిల్లులో గుసగుసలు మొదలయ్యాయి. మామ చిక్కి సగమైపోయాడు.

అప్పుడు నా పేరున సమను వచ్చింది. శనివారం నాకు సెలవు, కానిస్టేబులు ఇంటికే తెచ్చి సంతకం పెట్టించుకుని పోయాడు. కాగితం తమిళంలో ఉంది. ఏ రోజన్నది పోలీసులు ఎలా కనిపెట్టారో గానీ, ఫలానా గురువారం మధ్యాహ్నం జరిగిన దొంగతనం విషయంగా, ఆ రోజు గేటు బుక్కుతో సోమవారం కోర్టుకు రావాలని. అడుగున ఇన్‌స్పెక్టరు చేత్తో రాసిన వరుస ఇంకొకటి. విచారణ ముగిసేదాకా ఈ సంగతి వెలియాళ్ళతో చెప్పకూడదు. ఆ వరుసకు చట్టంలో చోటుందో, ఇన్‌స్పెక్టరు అలవాటుగా రాసేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం చట్టమంతా ఆ వరుసలోనే ఉన్నట్టు నాకు తోచింది.

మా అమ్మకు చదువు లేదు. సర్కారు కాగితం ఏది వచ్చినా ఆమెకు చదివి వినిపించాల్సిందే. నాన్న ఉన్నప్పటి నుంచీ అది మా ఇంటి పద్ధతి. నేను గొంతు తగ్గించి చదివాను.

"ఎవురితో చెప్పగూడదంట?" అంది అమ్మ.

"వెలియాళ్ళతో."

"శరి. మనకేంటికి వెలియాళ్ళ పొత్తు," అని బిందె చంకన పెట్టుకుని పైపు దగ్గరికి పోయింది.

అక్కడ నీళ్ళకు నిలబడ్డ ఆరుగురు ఆడవాళ్ళకు, మనసులో ఏ మచ్చా లేకుండా, తెలుగులో అంతా చెప్పింది. గురువారం అన్న ముక్క మాత్రం దారిలోనే మరిచిపోయింది. బుక్కు కోర్టుకు పోతుందన్నది బాగా గుర్తుంది. సాయంకాలానికి ముప్ఫై ఇళ్ళకూ తెలిసిపోయింది. చిత్రం ఏమిటంటే, మా వీధి మొగలోనే ఉన్న టీకొట్టు తమిళాయనకు చివరిదాకా ఏమీ తెలియలేదు. ముప్ఫై ఇళ్ళూ కలిసి ఆ రహస్యాన్ని అంత భద్రంగా కాపాడాయి.

నేను అమ్మ మీద ఇంతెత్తున లేచాను. "ఎవరితోనూ చెప్పకూడదని గదా ఆ రాత!"

"వెలియాళ్ళని నువ్వే గదరా చదివితివి. పైపు కాడ ఎవురుండిరి? అంతా మనోళ్ళే."

నా కోపం మాత్రం తగ్గలేదు.

మరునాడు ఆదివారం పొద్దున మామ వచ్చాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి వంటింట్లో ఏముందో చూసే మనిషి, ఆ రోజు అరుగు మీదే కూర్చున్నాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టుకున్నాడు.

"అల్లుడా, బుక్కు కోర్టుకు పోతాదంట గదా."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"దాన్ని మార్చమని నేను అడగలే. ఒక్కటి చెప్పు, సాలు. ఏ దినం అడిగినారు?"

ఏ రోజో నాకు తెలుసు. ఆ రోజు బుక్కులో ఏముందో కూడా తెలుసు, నా చేతిరాతే. ఆ గురువారం పొద్దున పదిన్నరకు మామ చీటీ తీసుకుని, తాళంచెవి షిఫ్టు ఆఫీసరుకు అప్పగించినట్టు సంతకం పెట్టి, పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి బయటికి వెళ్ళాడు. మరునాటిదాకా మళ్ళీ మిల్లులో కాలు పెట్టలేదు. ఆ పుట కోర్టుకు చేరితే ఆయన మీద అనుమానం అక్కడితో పోతుంది. గురువారం అని ఒక్క ముక్క అంటే చాలు, ఆయనకే గుర్తొచ్చి గుండెల నిండా ఊపిరి తీసుకునేవాడు. అదీ వద్దంటే, భయపడొద్దు మామా అన్నా చాలు.

కానీ నాకు జైలు కనిపిస్తోంది, పోయే ఉద్యోగం కనిపిస్తోంది. కాగితం మీది మాట తమిళం, నా నోట ఊడిపడిందీ తమిళమే.

"అదెల్లాం సొల్లక్కూడాదు మామా."

అవన్నీ చెప్పకూడదు అని. మామా అన్న ఒక్క ముక్క తప్ప మిగిలినదంతా తమిళం. మా ఇంటి అరుగు మీద, ఆ మనిషితో. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి పోయాడు.

అమ్మ లోపలి నుంచి గబగబా వచ్చింది. "ఏమిరా, మామతో అరవం మాట్లాడితివి?"

మధ్యాహ్నం బస్సుకు మామ చిన్నమనూరు పోయాడు, అక్కడ ఆయన చెల్లెలి ఇల్లు ఉంది. నా నోట తమిళం వినగానే, బుక్కులో తన పేరు చెడ్డగానే ఉందని ఆయన నిశ్చయించుకున్నాడట. ఈ సంగతి తర్వాత ఆయన భార్య చెప్పింది.

సోమవారం కోర్టులో బుక్కు ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు ఆ పుట మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. అంతా తేలిపోయిందని నేను అనుకునేలోపల, మనిషి ఊళ్ళో లేడని కానిస్టేబులు వచ్చి చెప్పాడు. తప్పు చేయనివాడు ఎందుకు పారిపోతాడని ఇన్‌స్పెక్టరుకు మళ్ళీ అనుమానం పుట్టింది. నా వైపు తిరిగి, వెలియాళ్ళు ఎవరితోనైనా చెప్పావా అని తమిళంలో అడిగాడు. లేదు సార్ అన్నాను. అంత నిజమైన జవాబు, అంత పనికిమాలిన జవాబు నేను జన్మలో మరొకటి ఇవ్వలేదు.

జీపు చిన్నమనూరు పోయింది. చెల్లెలి అత్తగారి వాళ్ళంతా వాకిట్లో నిలబడి చూస్తుండగా మామను ఎక్కించుకుని వచ్చింది. ఇక్కడ ఆ పుట చూపించి, నాలుగు ప్రశ్నలు అడిగి, ఆ రోజే ఇంటికి పంపేశారు. దొంగ తర్వాత దొరికాడు, కాంట్రాక్టు పనికి వచ్చినవాడెవడో. కానీ చిన్నమనూరులో ఆ జీపును చూసినవాళ్ళకు ఆ సంగతి ఎవరు పోయి చెబుతారు? మామ మళ్ళీ ఆ ఊరు పోలేదు.

నా కోపమంతా అమ్మ మీద కక్కాను. పైపు దగ్గర నోరు మూసుకుని ఉంటే ఇంత జరిగేదా అన్నాను. అమ్మ చేట కింద పెట్టి నా వైపు చూసింది.

"తప్పే అనుకో. నేను తెలుగులో చెప్పితి, మనోళ్ళని చెప్పితి. నువ్వు అరవంలో నోరు మూస్తివి."

బుధవారం మామ పనిలోకి వచ్చాడు. సాయంత్రం సంగు ఊదింది. ఆయన ఎప్పటిలా క్యారేజీ ఊపుకుంటూ రాలేదు. వరుసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే గిన్నెలు ఒక్కొక్కటే విప్పి నా బల్ల మీద పెట్టాడు.

"పాత్తుక్కోంగ తంబీ," అన్నాడు. చూసుకోండి తమ్ముడూ అని.

ఆ "ండి" విని ఆగలేక ఆ సాయంత్రమే వాళ్ళింటికి పరిగెత్తాను. గురువారం సంగతి, సమను సంగతి, నా భయం, అన్నీ తెలుగులో మొత్తుకున్నాను. ఆయన అంతా విన్నాడు. "పరవాయిల్లై తంబీ, అదు ఉంగ వేలై," అన్నాడు. ఫరవాలేదు, అది మీ పని అని. ఆయన భార్య కాఫీ ఇచ్చి నాతో తెలుగే మాట్లాడింది, పాపం. మా అమ్మతోనూ ఆయన చివరిదాకా తెలుగే మాట్లాడాడు, ఎప్పటిలాగే పరాచికాలాడాడు. కాగితాన్ని మీరింది అమ్మ, మీరనిది నేను.

విచారణ ముగిసేదాకా అని రాసి ఉంది గదా, అది ఎప్పుడు ముగిసిందో నాకు చెప్పే కాగితం ఏదీ రాలేదు. ఇప్పుడు వాదించుకుంటున్న ఆ పెద్దలకు నా మనవి ఒక్కటే. నోరు మూయమని రాసే కాగితం మీద, ఏ తేదీన తెరవవచ్చో కూడా రాయండి. ఇంట్లో ఒక మనిషికి భయపడొద్దు అనే పాటి మాట అనవచ్చని కూడా రాయండి.

మామ ఆ తర్వాత ఆరేళ్ళు పని చేశాడు. ఆరేళ్ళూ ప్రతి సాయంత్రం నా బల్ల ముందు క్యారేజీ విప్పాడు. రిటైరైన రోజు యూనియను వాళ్ళు మెడలో దండ వేసి గేటుదాకా సాగనంపారు. దండతోనే వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక గిన్నెలు విప్పబోయాడు.

నేను లేచి నిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వద్దు మామా. ఈ పొద్దన్నా వద్దు."

ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. "రూలుదానే తంబీ," అన్నాడు. రూలే గదా అని. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణి.

మూడు గిన్నెలూ నా ముందు పెట్టాడు. మిల్లు కొళాయి దగ్గర కడుక్కుని వచ్చాడు, లోపల ఇంకా తడి ఉంది. నేను తల వంచుకుని మూడూ చూసి, పోవచ్చని చెయ్యి ఊపాను.