ఉప్పు లాగిన ఊట

నా చిన్నప్పుడు, రామన్నపేట దగ్గరి మా ఊళ్లో, ఎండాకాలమంతా కోటలాంటి దొర గడీలో మామిడికాయ తొక్కు పెట్టేవారు. పెట్టేది దొరసాని కాదు, ఊరి ఆడవాళ్లు. కూలి లేదు, వెట్టి. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు పక్క ఊళ్లలో వెట్టి మాన్పించారని వినేవాళ్లం. మా ఊరికి ఇంకా రాలేదు.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు. వాడికి రెండేళ్లు. అయినా దొర మనిషి వచ్చి అమ్మను గడీకి తోలుకుపోయాడు. "గంజిల ఉప్పేసి తాపు బిడ్డా" అని వాకిట్లోంచే చెప్పింది అమ్మ. ఎంత ఉప్పో చెప్పేంత సేపు కూడా వాడు ఆగనివ్వలేదు. కోడలిని విడిచిపెట్టమని బతిమాలడానికి మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, వెనకే వెళ్లింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఉప్పు దండిగా వేస్తే మామిడి ముక్క చెడిపోదని ఏటా చూస్తున్నదాన్ని. తమ్ముడు కూడా చెడిపోకూడదని గుప్పెడు వేశాను. తాగించినకొద్దీ వాడు ఇంకా వాడిపోయాడు. పెదవులు ఎండాయి, కళ్లు లోపలికి పోయాయి.

అవ్వ ఒక్కతే తిరిగొచ్చింది. "కాయల పని ఒడిసినంకనే పంపుతడట" అంటూ గంజిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. వెంటనే ముంతను వాకిట్లోకి విసిరికొట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పొద్దున మా ఇంట్లో ఉప్పు కలిపి పెట్టిన నాలుగు మామిడి ముక్కల గిన్నె నా ముందు పెట్టింది. ముక్కలు ముడుచుకుపోయి అడుగున ఊట నిలిచింది.

"గీ నీళ్లు ఎవలు పోసిన్రు? ఎవ్వలు పొయ్యలె. ముక్కలల్ల నీళ్లే ఉప్పు గుంజుకున్నది. వాని కడుపుల గూడ గిదే అయితాంది."

తర్వాత పలచటి గంజి కాచి, చిటికెడు ఉప్పు వేసి, చుక్క చుక్కగా తాగించింది. పొద్దు వాలేసరికి వాడు ఉచ్చ పోశాడు. ఇక బతికాడని అప్పుడు ఏడ్చింది అవ్వ.

అమ్మ వచ్చేసరికి ఆమె చేతులు మామిడి సొనకు, ఉప్పుకు పుండ్లు పడి ఉన్నాయి. పిల్లాణ్ణి ఎత్తుకోలేకపోయింది. ఆ చేతుల్ని చూసి అవ్వ, "గా గడీ గూడ ఉప్పే. ఊర్ల నీళ్లన్ని గుంజుకుంటాంది" అంది.

పెద్దయ్యాక చదువుకున్నాను. మన ఒంటి కణాల పొరల గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు పోతుందట. పేగుల్లో ఉప్పు ముదిరితే ఒంట్లో నీరు అక్కడికి ఊరుతుంది. గంజి పలచగా, ఉప్పు చిటికెడే ఉంటే నీరు ఒంట్లోకి ఇంకుతుంది. కణమనే మాట అవ్వకు తెలియదు, ఊట తెలుసు.

సంఘం మా ఊరికీ వచ్చాక దొర పట్నం పారిపోయాడు. పోలీసు చర్య అయ్యాక ఖద్దరు తొడుక్కుని తిరిగొచ్చాడు. ఊళ్లో వాడికి దండలు కూడా వేశారు. సిగ్గులేని జనం!

ఆ గుప్పెడు ఉప్పు తలుచుకుని చాలా ఏళ్లు కుమిలిపోయాను. ఇప్పుడు కుమిలిపోను. ఉప్పు వేసింది నేనే. ఎంత వేయాలో తెలిసిన అమ్మను ఇంట్లో ఉండనివ్వనిది ఆ దొర. ఆ కోపం ఇంకా నాలో ఉంది. ఉండనీ.