కోకో చెట్లు నరకనివ్వలేదు

మా కొబ్బరి తోటలో అంతరపంటగా వేసిన కోకో చెట్లన్నీ నరికించేస్తానన్నారు బావగారు. మావారి అన్నగారు ఆయన. తోట ఉమ్మడిది, పెత్తనం ఆయనది. ముసురు పట్టి కాయలు చెట్టు మీదే నల్లబడి, తెల్లటి బూజు కట్టి కుళ్లిపోతున్న రోజులవి. పక్క తోటలవాళ్లు అప్పటికే గొడ్డలి పెట్టేశారు.

"ఏంటమ్మా, ఈ బూజు చెట్లు పట్టుకుని వేలాడతావు?"

"మొక్కప్పటి నుంచీ నేను పెంచినవండి. ఈ ఒక్క వర్షాకాలం నాకొదిలెయ్యండి," అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

తప్పు చెట్లది కాదు, మాది. మా వైపు కాయలు తోటలోనే కొట్టి, గింజలు తీసుకుని, డొప్పలు చెట్ల మొదట్లో పోస్తాం. ఎరువవుతుందని మురిసిపోతాం. కుళ్లిన కాయల డొప్పలూ అందులోనే. వాన చినుకులు ఆ కుప్ప మీద పడి చిందితే తెగులు పై కాయలకు ఎక్కుతుందని హార్టికల్చర్ ఆఫీసరు గారు చెప్పినప్పుడు సిగ్గేసింది. ఇన్నేళ్లూ దాన్ని మేమే మేపామన్నమాట.

డొప్పలన్నీ గంపలకెత్తించి తోట బయట గోతిలో పూడ్పించాను. "బంగారంలాంటి ఎరువు పారబోయిస్తున్నారేంటండీ!" అని కూలికొచ్చిన ఆడవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. గాలీ వెలుతురూ తగిలేలా కొమ్మలు కత్తిరించాం. తెగులు మందుకు మైలుతుత్తం, సున్నం నీళ్లలో నేనే కలిపాను. చాకు ముంచి చూస్తే ఎర్రటి పూత పట్టింది. అలా పడితే సున్నం చాలలేదని గుర్తు; ఇంకాస్త వేసి మళ్లీ కలిపాను. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఆ మందు కొట్టించాను. నల్ల కాయ కనిపిస్తే ఆ పూటే కోసి గోతిలో వేశాను. బావగారు గట్టు మీద నుంచి చూసి, పలకరించకుండా వెళ్లిపోయేవారు. పోతే పోనీ.

తెగులు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ వానలు వెనకపట్టేసరికి పసుపుపచ్చగా పండిన కాయలే ఎక్కువ నిలిచాయి. బావగారు ఒకటి కోసి, కొబ్బరి మొదలుకు కొట్టి పగలగొట్టారు.

"సరేనమ్మా, ఈ ఏడాదికి ఉంచుదాం," అన్నారు గింజల మీది గుజ్జు చప్పరిస్తూ. డొప్పలు అలవాటుగా చెట్టు కింద పడేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"బావగారూ, అవి తీసి గోతిలో వెయ్యండి."

కూలివాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆయనకు పని చెప్పినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. నా వైపు చూశారు. నేను కళ్లు దించుకోలేదు.

పంచె ఎగ్గట్టి, వంగి, రెండు డొప్పలూ తీసుకున్నారు.