ఆకుపచ్చ చుక్క పడ్డ ఇల్లు

బీరంగూడ అవతల మా కాలనీలల్ల ఇండ్లకాడ చెత్త తీసే పనిని ఒక ఏజెన్సీకి రాసిచ్చిన కాయితం టైపు చేసింది నేనే. మున్సిపల్ ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్‌ను. పర్మినెంట్ కాదు, ఔట్‌సోర్సింగ్ నౌకరీ. ఏ నిర్ణయమూ ఎన్నడూ నా చేతుల లేదు. అయినా ఆ కాయితంల అక్షరమక్షరం నా వేళ్ల కిందికెళ్లే పోయింది.

అంతకు ముందు మా గల్లీకి ఒక అవ్వ వచ్చేది. అరవై దాటిన మనిషి. మూడు చక్రాల రిక్షాకు నాలుగు గోనె సంచులు కట్టుకొని పొద్దు పొడవంగనే వచ్చేది. విజిల్ లేదు, మైకు లేదు. రిక్షా చైను కిర్రుమంటే డబ్బ బయట పెట్టేటోళ్లం.

ఒకనాడు డబ్బ అందుకుంటూ మెల్లగ అన్నది, "బిడ్డా, మీ ఆయన గోలీలు మింగుతలేడు."

నాకు అర్థం కాలేదు. "ఏ గోలీలు?"

"షుగర్ గోలీలు. ఒక్కొక్కటి కాయితంల చుట్టి పారేస్తుండు. పది దినాలాయె."

మా ఆయనకు షుగర్ ఉన్నదని నేను ఆమెకు చెప్పలేదు, వాడకట్టుల ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం అడిగితే ఆయన తలకాయ దించుకున్నడు. నా ఇంట్ల, నా పక్కన పండే మనిషి సంగతి గేటు అవతల నిలబడ్డ ఆమెకు నాకంటే ముందు తెలిసింది. మేలే చేసింది గని, నాకు భయమైంది.

ఆనాటి నుంచి సంచికి రెండు ముళ్లు వేసుడు మొదలుపెట్టిన. అవ్వ ఆ ముడి విప్పేది కాదు. సంచిని చేతుల జెర సేపు తూకం చూసినట్టు పట్టుకొని, రిక్షాల వేసేది. అంతే. ఇంకోసారి పక్కింటి గేటు దిక్కు చూపిచ్చి, "ఈ ఇంటి కోడలుకు నెల తప్పింది, ఆ పిల్లకు ఇంకా తెల్వదు" అన్నది. ఎట్ల తెలుసని అడిగిన. "అన్నం ముద్దలు ముద్దలు వాపసు వస్తున్నది. నెలనెలా వచ్చేటివి ఈ నెల రాలేదు" అన్నది. మూడు వారాలకు పక్కింటోళ్లు మిఠాయి పంచిండ్రు. ఆ మిఠాయి నేను తినకుండ పక్కకు పెట్టిన.

ఇగ ఊరు పెరిగింది. పటేల్‌గూడ దిక్కు ఖాళీ ప్లాట్లన్నీ మూడంతస్తులు, నాలుగంతస్తులు అయినయి. గల్లీకొక మనిషి చెత్త ఎత్తుతుంటే కొందరు తీస్కపోయి చెరువు కట్టకు, ఫ్యాక్టరీ గోడ వెనుక పారబోస్తుండ్రని ఫిర్యాదులు వచ్చినయి. అవి అబద్ధం కాదు. అందుకే వార్డులన్నీ కలిపి ఒక్క ఏజెన్సీకి ఇయ్యాలని పైన అనుకున్నరు. ఎన్ని బండ్లు ఉండాలె, ఎన్నేండ్ల అనుభవం ఉండాలె, రోజుకు ఎన్ని గేట్లు ముట్టుకోవాలె, అన్నీ రాసి ఆన్‌లైన్‌ల టెండర్ పెట్టిండ్రు. అంతకు ముందు ఇండ్ల లెక్క తీయాలె గనుక నేను గూడ గల్లీ గల్లీ తిరిగిన. గేటు గేటుకు నంబరున్న స్టిక్కర్ అంటించిన. ఫోన్‌తోని దాన్ని స్కాన్ చేస్తే ఆ ఇంటి చెత్త తీసినట్టు.

ఏజెన్సీ ఖరారైనంక అగ్రిమెంట్ నా టేబుల్ మీదికి వచ్చింది. అందుల ఒక చోట ఇట్ల ఉండె: 'ఒప్పంద కాలంలో సదరు వార్డులలో గృహ వ్యర్థాలను సేకరించు హక్కు ఏజెన్సీకి మాత్రమే ఉండును. ఇతరులెవ్వరూ సేకరించరాదు.' 'ఇతరులెవ్వరూ' అని కొడుతున్నప్పుడు అవ్వ మొకం నాకు యాదికి రాలేదు. పగటి అన్నం టైమైతున్నదని తొందరల ఉన్న.

ఏజెన్సీ కొందరు పాతోళ్లను పనిల పెట్టుకున్నది. అవ్వను వయసు ఎక్కువైందని వద్దన్నది. రిక్షా బయటికి తీస్తే గుంజుకుంటమని చెప్పిండ్రంట.

పాటలు పెట్టుకొని కొత్త ఆటోలు దిగినయి. నా కంప్యూటర్‌ల వార్డుల మ్యాప్ కనిపిచ్చేది. ఇంటికొక బూడిద రంగు చుక్క. గేటు స్కాన్ కాంగనే ఆకుపచ్చగ మారేది. పది గంటలకల్లా తెర మొత్తం పచ్చగయ్యేది. మొదట్ల నాకు అది చూస్తుంటే మంచిగ అనిపిచ్చేది.

రెండు నెలలకు మా గల్లీ నుంచే ఒకామె ఆఫీసుకు వచ్చింది. "ఆ ముసలామె పొద్దున్నే వచ్చి మా గేటు కాడ నిలబడుతున్నది" అన్నది. "రిక్షా లేదు, సంచి లేదు. లోపలికి చూడదు, డబ్బ పెట్టే జాగ దిక్కు కిందికి చూస్తది. ఇగ రెండు చేతులతోని ఏదో ఎత్తి వెనుకకు వేసినట్టు చేసి పోతది. మా అత్తమ్మ భయపడుతున్నది."

శానిటరీ ఇన్‌స్పెక్టర్ సార్ నా దిక్కు చూసిండు. "మీ గల్లీ మనిషే కదమ్మా. జెర నువ్వే చెప్పు."

తెల్లారి ఆరింటికి బయటికి వచ్చిన. చలికాలం. పటాన్‌చెరు దిక్కుకెళ్లి మందుల ఫ్యాక్టరీల వాసన పొగమంచుల కలిసి గల్లీ మీద కూసున్నది. పది గజాల అవతల ఏమీ కనిపిస్తలేదు. ముందుగాల కుక్కలు కనిపిచ్చినయి. నాలుగైదు కుక్కలు మొరగకుండ, ఒకదాని వెనుక ఒకటి నడుస్తున్నయి. వాటి ముందు అవ్వ.

ఆ ఇంటామె చెప్పినట్టే ఉన్నది. గేటు కాడ ఆగింది, వంగింది, ఉత్త చేతులు ఎత్తి వెనుకకు వంపింది. ఆమె వెనుక ఏమీ లేదు. కుక్కలు ఆమె ఆగితే ఆగుతున్నయి, నడిస్తే నడుస్తున్నయి. ఏడెనిమిది గేట్లు ఆమె వెనుక నేను గూడ కుక్కల లెక్కనే నడిచిన.

"వచ్చినవా బిడ్డా" అన్నది, వెనుకకు తిరగకుంటనే.

"అవ్వా, నువ్వు ఇట్ల రావొద్దంట. జనం పరేషాన్ అవుతుండ్రు."

"రావొద్దనే అనుకుంట. కాళ్లు ఆగుతలేవు." ఇంకో గేటు కాడ ఆగింది. ఈసారి వంగలేదు. "గిది సూడు."

గల్లీ కొసకు ఉన్న ఇల్లు. మీద అంతస్తు సగం కట్టి ఇడిసిపెట్టిండ్రు. ఓనర్ ఎక్కడనో ఉంటడు. కింది పోర్షన్ల బీదర్ దిక్కుకెళ్లి వచ్చిన ఒక మనిషి ఒక్కడే కిరాయికి ఉంటడు. నలభై అయిదు ఏండ్లుంటయి. మందుల కంపెనీల కాంట్రాక్ట్ పని. నేను స్టిక్కర్ అంటించిన నాడు ఒకసారి చూసిన.

"ఈ పిలగాడు ఫస్ట్ షిఫ్టుకు పోయేముందు సంచి ఈ కొక్కేనికి తగిలిస్తడు" అన్నది అవ్వ. "చాయపత్తా, రెండు గుడ్ల పొట్టు, ఒక పాల ప్యాకెట్. తప్పడు. ఇయ్యాల్టికి నాలుగు దినాలాయె, సంచి లేదు."

కొక్కెం ఉత్తగనే ఉండె. లోపల బండి ఉన్నది, దాని సీటు మీద మంచు నీళ్లు.

"ఊరికి పోయిండేమో."

"పోతే బండి మీద కవరు కప్పి పోతడు."

నేను ఫోన్ తీసిన. ఆఫీసు యాప్‌ల ఆ ఇంటి నంబరు కొట్టిన. మొన్న ఆకుపచ్చ. నిన్న ఆకుపచ్చ. అంతకు ముందు నాడు ఆకుపచ్చ. ఇయ్యాల బండి ఇంకా రాలేదు. నాకు పానం నిమ్మలమైంది. "ఇచ్చిండు అవ్వా, రోజూ ఇచ్చిండు. గిదో సూడు, ఇచ్చిండు" అని ఫోన్ చూపిచ్చిన. ఆమెకు చదువు రాదు. ఆ చుక్కల దిక్కు చాలాసేపు చూసింది.

"గిది ఎవరు సెప్పిండ్రు?"

"మిషన్ చెప్తది."

ఇంటికి పొమ్మని చెప్పి నేను వచ్చేసిన, వంట చేసుకొని ఆఫీసుకు పోయిన.

పదింటికి మ్యాప్ తెరిచిన. ఊరంతా పచ్చగున్నది. మా గల్లీ కొసకు చూసిన. ఆ ఇంటి చుక్క గూడ ఆకుపచ్చ. దాని మీద ఏడు ఇరవై అని టైము. నేను ఆ గేటు కాడ ఉన్నది ఆరున్నరకు. కొక్కేనికి సంచి లేదు, నా కండ్లతోని చూసిన. అయినా ఇయ్యాల గూడ ఆ ఇల్లు చెత్త ఇచ్చినట్టు పడ్డది. అంటే నిన్నటిది, మొన్నటిది?

ఆ బండి మీద పని చేసే ఆమెకు ఫోన్ చేసిన. "ఆ కొస ఇంట్ల ఇయ్యాల చెత్త తీసినవా?"

"స్కాన్ చేసినం అక్కా."

"చెత్త?"

"చెత్త లేదు. పెట్టకున్నా గేటు గేటుకు బీప్ రావాలె అక్కా, లేకుంటే సూపర్‌వైజర్ ఊకోడు. అక్కడ ముసలామె ఒకామె కూసున్నది. జరుగమంటే జరుగలేదు."

ఆటో పట్టుకొని పోయిన. అవ్వ గేటుకు ఒరిగి అట్లనే కూసున్నది, పొద్దటి నుంచి. చుట్టు కుక్కలు పండుకున్నయి. పక్కిండ్లోళ్లను పిలిచిందంట. దొంగతనానికి వచ్చిందనుకొని కసిరిండ్రంట. నేను ఆఫీసు ఐడీ కార్డు చూపిచ్చినంక ఇద్దరు మగోళ్లు గోడ దుంకిండ్రు. తలుపు లోపల గడియ ఉండె. పలుగుతోని తీసిండ్రు.

అతను బాత్‌రూంల పడి ఉన్నడు. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయినయి, నోరు వంకరైంది. పక్కన నల్లా కింది బకెట్, చేతి దగ్గర మగ్గు. కండ్లు తెరిచే ఉన్నయి. మా దిక్కు చూసినయి. పానం ఉన్నది.

అవ్వ లోపలికి రాలేదు. "ఉన్నడా?" అని గేటు కాడికెళ్లే అడిగింది. ఉన్నడని చెప్పినంక లేచి చీర దులుపుకొని వెళ్లిపోయింది.

పది పన్నెండు దినాలకు సంగారెడ్డి దవాఖానకు పోయి చూసిన. మాట ముద్ద ముద్దగ వస్తున్నది. వాళ్ల అన్న పక్కన కూసొని, అర్థం కాని చోట విప్పి చెప్పిండు. ఫోన్ గదిల ఛార్జింగ్‌ల ఉండెనంట. ఇంటోళ్లు డబుల్ డ్యూటీ అనుకున్నరంట. కంపెనీల అతని జాగల ఇంకొకర్ని పెట్టుకున్నరంట.

"రోజూ పాట వస్తుండె మేడం" అన్నడు. "గేటు కాడ ఆగుతుండె. బీప్ అంటుండె. నా కోసమే ఆగిండ్రు, ఇగ చూస్తరు అనుకుంటుంటి. మగ్గు నేలకు కొట్టేటోన్ని. పాట పోతుండె."

వాళ్ల అన్న చెంచతోని ఇన్ని నీళ్లు తాగిచ్చిండు.

"పాట రాకముందు ఇంకోటి. రోజూ ఎవరో వచ్చి నిలబడుతుండె. పిలువరు, తలుపు కొట్టరు. గేటు అవతల ఊపిరి వినొస్తుండె. కుక్కల గోర్లు సీసీ రోడ్డు మీద టకటక. నన్ను తీస్కపోనీకే వచ్చిండ్రనుకున్న. వాళ్లున్నంత సేపు మగ్గు కొట్టుడు బంద్ చేసి సప్పుడు చెయ్యకుండ పండేటోన్ని."

అవ్వ చెవులకు ఆ చప్పుడు ఎందుకు పడలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ నాలుగు పొద్దులు, అతన్ని లెక్క పెట్టుకొని వచ్చిన ఒక్క మనిషికి భయపడి అతను ఊపిరి బిగబట్టిండు.

"ఆఖరి దినం ఇద్దరు మాట్లాడిండ్రు" అన్నడు. "ఒకామె ఇచ్చిండు, ఇచ్చిండు అంటుండె. ఏమిచ్చిన్నో నాకు సమజ్ కాలేదు. నా పానమేమో అనుకున్న."

అది నేనే అని చెప్పాలె. చెప్పలేదు. తెచ్చిన బత్తాయిలు స్టూలు మీద పెట్టి వచ్చిన. నెల దాటినంక వాళ్ల అన్న అతన్ని ఊరికి తీస్కపోయిండు. కట్టె పట్టుకొని నడుస్తుండని తర్వాత ఫోన్‌ల చెప్పిండు.

జరిగిందంతా రాసి కమిషనర్ సార్‌కు ఇచ్చిన. సార్ చదివి బాధ పడ్డడు, అది నిజం. ఏజెన్సీ వాళ్లను పిలిపిచ్చి గట్టిగనే మాట్లాడిండు. కానీ అగ్రిమెంట్ల చెత్త గురించే ఉన్నది, మనుషుల గురించి ఎక్కడా లేదు, మధ్యల మార్చనీకి రాదన్నరు. చివరికి యాప్‌ల ఒక బటన్ పెట్టిండ్రు, 'చెత్త ఇవ్వలేదు' అని. అది ఒత్తితే చుక్క ఎర్రగైతది. కొన్నాళ్లు అక్కడక్కడ ఎర్ర చుక్కలు కనిపిచ్చినయి. తర్వాత తగ్గినయి. ఇప్పుడు మ్యాప్ మళ్ల మొత్తం పచ్చగనే ఉంటున్నది. పొద్దున తెర తెరిచేటప్పుడు నేను కొంచెం సేపు పక్కకు చూస్తుంట.

అవ్వ ఆ దినం తర్వాత గల్లీకి రాలేదు. కొండాపూర్ మండలంల బిడ్డ కాడికి పోయిందని తెలిసి, ఒక ఆదివారం బస్సెక్కి పోయిన. ఏజెన్సీల ఇప్పుడు మాట్లాడితే పని ఇస్తరేమో, అడుగుతా అని చెప్పనీకి పోయిన.

పత్తి చేన్ల పక్కన రెండు అర్రల రేకుల ఇల్లు. అవ్వ అరుగు మీద కందులు చెరుగుతున్నది. జెర ఒళ్లు వచ్చింది. నాకు చాయ్ పెట్టిచ్చింది. పని మాట చెప్పిన. చేట ఆపలేదు.

"వద్దు బిడ్డా. ఈడ ఎవరి పెంట వాళ్ల ఇంటెనుకనే ఏసుకుంటరు. ఎవరింట్ల ఏముందో నాకు తెల్వది."

"మరి దినం ఎట్ల గడుస్తది?"

"మంచిగ నిద్ర పడుతున్నది" అన్నది. "అన్నేండ్లు ఎవరు తింటలేరో, ఎవరు మంచాన పడ్డరో, ఎవరింట్ల ఏం జరగబోతదో అన్నీ నా చేతులకు తెలుస్తుండె. పండుకుంటే గేట్లే కనబడుతుండె. ఎవరికి చెప్పాలె? చెప్తే భయపడుతుండ్రి. నువ్వు గూడ భయపడ్డవు."

అవునన్న.

"నీ సంచికి రెండు ముళ్లు ఏసినవు గదా" అని నవ్వింది. చేట పక్కన పెట్టి, కొన్ని కందులు కవర్ల పోసి నా చేతికిచ్చింది. బస్సు టైమైతున్నదని రోడ్డు దాకా తోడొచ్చింది. దారిల ఎన్ని ఇండ్లు దాటినా ఒక్క గుమ్మం దిక్కు గూడ ఆమె చూడలేదు.