కోచ్ మేడమ్ పాట వద్దన్నారు

సహోదరులారా, అక్కలారా, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోండి, నా కూతురు కెజియా విషయంలో దేవుడు చేసిన మేలు చెబుతాను. నేను పెద్దగా చదువుకోలేదు. అమలాపురం దగ్గర పల్లెలో పుట్టి, అబుదాబి బనియాస్‌లో ఇళ్ళల్లో వంట చేసుకుంటూ బతుకుతున్నదాన్ని, మా ఆయన రువైస్‌లో కంపెనీ బస్సు నడుపుతూ వారానికోసారి ఇంటికొస్తారు, అయినా జరిగింది జరిగినట్టు గుర్తుంచుకోవడం మాత్రం దేవుడు నాకిచ్చిన వరం.

కెజియాది లాంగ్ జంప్. ఇండియన్ స్కూల్లో దానంత దూరం దూకే ఆడపిల్ల లేదు, తల్లినని చెప్పడం లేదు, వాళ్ళ పీటీ సారే అనేవారు. చెన్నైలో ఏదైనా ఆడపిల్లల కాలేజీ జట్టులో చేరి, మంచి కోచ్ దగ్గర నేర్చుకోవాలని దాని ఆశ. ఇంతలో కరోనా వచ్చి స్కూలు మూసేశారు, పీటీ సారు ఉద్యోగం పోయి ఇండియా వెళ్ళిపోయారు, దేశమంతా ఇసుకే గానీ నా బిడ్డ దూకడానికి ఓ గుంట లేకపోయింది! అది ఊరుకుంటుందా, మా బిల్డింగు వెనక లారీలు ఆగే ఖాళీ జాగాలో దూకింది, ఇసుక కింద రాయి ఉంది, చీలమండ దగ్గర నరం చీలిపోయింది. కట్టు విప్పాక కూడా కుంటుతుంటే పతకాలన్నీ సూట్‌కేసులో పడేసి గోడవైపు తిరిగి పడుకుంది. "ఖలాస్ అమ్మా, ఇంక ఆట మాట ఎత్తకు" అంది. నవ్వడం మానేసింది, అన్నం ముందు పెడితే మెతుకులు కెలికి లేచిపోయేది.

మా స్త్రీల ప్రార్థన కూటం అప్పట్లో ఫోన్లోనే జరిగేది. అక్కలందరూ తలా ఒక ఇంటి నుంచి కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే, నేను ఆ ఫోన్ను దాని మంచం మీద పెట్టి, దాని పాదం పట్టుకుని, "తండ్రీ, ఈ కాలు నువ్వు చేసిందే, దీన్ని నువ్వే నిలబెట్టు" అని వేడుకున్నాను. ఒక్కరోజులో జరిగిందని అబద్ధం చెప్పను, నెలలు పట్టింది, కానీ ఒక ఉదయం నేను పనికి బయల్దేరుతుంటే నా బిడ్డ వెనక నుంచి తన బూట్లు ఎక్కడున్నాయని అడిగింది. దేవునికే మహిమ!

స్కూలు తెరిచాక మళ్ళీ దూకింది, పన్నెండో తరగతికి వచ్చింది, ఇక కాలేజీ కోచ్‌లకు రాయాలి. మన గల్ఫ్ వాళ్ళకు తెలిసిందల్లా ఉద్యోగానికి పెట్టే అర్జీ కదా! మా ఆయన తన పేరుతో, "తమరి దయ, మా అమ్మాయి వినయం గలది, క్వయర్‌లో పాడుతుంది" అని రాయించి, పాస్‌పోర్టు కాపీ కూడా జతచేశారు. మన సంఘంలో పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ వీడియోలు తీసే సామ్యేలు తమ్ముడు ప్రేమకొద్దీ ఒక వీడియో చేశాడు, ముందు పూలు, తర్వాత పాస్టరు గారి ఫోటో, పైన ఆరాధన పాట, నా బిడ్డ గాల్లోకి లేచి మేఘంలా తేలుతూ దిగీ దిగనట్టు దిగుతుంది. చూసి అందరం ఏడ్చాం. అన్ని కాలేజీలకూ అదే పంపితే ఒక్కచోటి నుంచీ ఉలుకూ పలుకూ లేదు, కెజియా ముఖం మళ్ళీ వాడిపోసాగింది.

ఉపవాసముండి ప్రార్థించాం. చివరికి చెన్నై నుంచి ఒక కోచ్ మేడమ్ జవాబిచ్చారు. నాన్నగారు కాదు, అమ్మాయే నాకు రాయాలి; పాట వద్దు, స్లో మోషన్‌లో నెమ్మదిగా తిప్పడం వద్దు, పరుగు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇసుకలో పడేదాకా పక్కనుంచి తీసి పంపండి, టేపుతో కొలిచింది చూపించండి, దెబ్బ తగిలి ఉంటే అదీ చెప్పండి అని.

సామ్యేలుకు చెబితే తల గోక్కున్నాడు. "పాట లేకుండా వీడియో ఏంటక్కా, కూర లేకుండా అన్నం పెట్టినట్టు" అన్నాడు, అయినా వచ్చి ఎండలో నిలబడి, చెప్పింది చెప్పినట్టు తీశాడు. కెజియా వాళ్ళ నాన్న దెబ్బ సంగతి రాయొద్దని పట్టుబట్టారు, "కుంటి గుర్రాన్ని ఎవరు కొంటారే" అన్నారు. కెజియా ఆయనతో వాదించలేదు, మోకరించి ఇలా ప్రార్థించింది, నా చెవుల్లో ఇంకా ఉంది: "ప్రభువా, నేను ఎంత దూకుతానో అంతే రాస్తాను, దెబ్బ సంగతీ రాస్తాను, మిగిలింది నువ్వు చూసుకో." తన మార్కులు, తను దూకిన దూరం, కాలి సంగతి, ఆ జట్టులోనే ఎందుకు చేరాలనుకుంటుందో, అన్నీ తనే రాసి పంపింది. మేడమ్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆలస్యం చేయకుండా తనే జవాబిచ్చింది.

ట్రయల్స్‌కు పిలుపొచ్చింది! నేను తోడు వెళ్ళాను. నా బిడ్డ పరుగెత్తి, లేచి, దిగితే, మేడమ్ టేపు పట్టి రెండుసార్లు కొలిచి, తను రాసినదానికంటే బెత్తెడు ఎక్కువే ఉందని చూసి నవ్వారు. "ఎక్కువ రాసుకునేవాళ్ళను రోజూ చూస్తాను, తక్కువ రాసుకున్న పిల్లను ఇప్పుడే చూస్తున్నాను" అన్నారట, కెజియా నాకు తెలుగులో చెబుతుంటే నేను ఆ మైదానం గట్టుమీదే కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. ఈరోజు నా కూతురు ఆ కాలేజీ జట్టులో ఉంది, వాళ్ళ నాన్న బస్సెక్కిన ప్రతివాళ్ళకూ ఫోన్లో దాని ఫోటో చూపిస్తున్నారు.

తల్లులారా, మీ పిల్లల్ని వాళ్ళ నోటితోనే అడగనివ్వండి, ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి. గోడవైపు తిరిగి పడుకున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే నా దేవుణ్ణి నమ్మి చూడండి, ఆయన లేవనెత్తుతాడు. మీ గడపలో నవ్వు తగ్గకుండా, మీ పిల్లల పాదాలు ఎక్కడ దిగినా ఆ చోటు మెత్తగా ఉండేలా ప్రభువు మీ ఇంటిల్లిపాదినీ దీవించును గాక. ఆమేన్.