నానమ్మ ముడి వేయని అధ్యాయం

మా ఇంట్లో 'గాజుకొండ' పుస్తకాలను కనిపెట్టింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఆ పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లలో ఎవరిని అడిగినా మా నానమ్మ పేరే చెబుతారు.

ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువు మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో మడతలు పెట్టే నాకు పుస్తకాలతో పనేమీ లేదు. ఒకరోజు వాన పడుతుంటే మెట్రో మెట్ల పక్కన పాత పుస్తకాలు అమ్మే ఆయన గొడుగు కిందికి దూరాను. ఊరికే నిలబడితే బాగుండదని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అది 'గాజుకొండ' మూడో భాగం. మొదటి రెండూ చదవకుండానే మూడోది పూర్తి చేశాను. ఎవరు ఎవరి కొడుకో తెలియలేదు. అయినా ఏడ్చాను.

ఆ పుస్తకం వెనక అట్టకు ఒక చీటీ అంటించి ఉంది. 'ఒక్కరే చదువుకుని ఏం చేస్తారు? నెలలో రెండో ఆదివారం పొద్దున పదింటికి రండి' అని రాసి, ఎల్‌బీ నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తు అడ్రసు ఇచ్చారు. వెళ్లాను. అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. తమని తాము కొండవాసులు అనుకుంటారు. గోడ మీద గాజుకొండ దేశపు పటం గీసుకున్నారు. అందరికీ పెద్ద శ్రవణ్‌కుమార్. కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు.

షాపులో నన్ను "ఏయ్, గా ఎర్రది తియ్" అని పిలుస్తారు. ఇక్కడ మాత్రం ఏదైనా సందేహం వస్తే "ఇందును అడుగు, ఇందుకు యాదుంటది" అనేవాళ్లు. ఐదు భాగాలూ నాకు నోటికొచ్చు. కొండవాసుల్లో ఏడాది గడిస్తే ఒక కొండపేరు పెడతారు. నాకు ఎనిమిది నెలలకే పెట్టారు. గొడుగు. వాన కథ చెప్పినందుకు. పేరు బాగాలేకపోయినా నలుగురికంటే ముందు వచ్చింది కదా అని మురిసిపోయాను.

అదిగో, అప్పుడు మా నానమ్మ మధ్యలోకి వచ్చింది.

మా నానమ్మ పేరు భాగ్యమ్మ. పోచంపల్లి పక్క ఊళ్లో పుట్టింది. బడికి రెండు రోజులు పోయింది. మూడో రోజు వాళ్లమ్మ ఆసు ముందు కూర్చోబెట్టింది. ఆసు అంటే మేకులు కొట్టిన చెక్క. నేయబోయే నూలును దాని చుట్టూ తిప్పుతారు. చెయ్యి రోజుకు కొన్ని వేల సార్లు అటూ ఇటూ పోవాలి. నలభై ఏళ్లు తిప్పిన కుడి భుజం ఇప్పుడు దువ్వెన కూడా ఎత్తనివ్వదు. మగ్గాలు మూలపడ్డాక మా తాతతో కలిసి గడ్డిఅన్నారంలో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చింది. తాత పోయి తొమ్మిదేళ్లు. పండ్ల మార్కెట్టు ఇక్కడి నుంచి తరలిపోయినందుకు మాత్రం ఆమె ఇంకా బాధపడుతూనే ఉంది.

ఆమెకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఒక నూలు పోగుకు ముడి వేస్తుంది. పాలవాడికి రేపు వద్దని చెప్పాలంటే ఒక ముడి. దవాఖానకు పోవాలంటే రెండు. ఒకసారి నా ఇయర్‌ఫోన్ వైరుకు ఐదు ముడులు వేసింది. ఎందుకని అడిగితే, "యాదికి లేదు, గని ముడి మంచిగ పడ్డది" అంది.

షాపు పదిన్నరకు తెరుస్తారు. అంతకుముందు ఒక గంట నేను గడపలో కూర్చుని చదువుకునేదాన్ని. ఒకరోజు నానమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది.

"ఏంది, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్?"

"నీకు సమజ్ గాదు తియ్."

"జర సదువు. ఎట్ల సమజ్ గాదో నేను గూడ చూస్త."

ఆ మాట అన్న నా నోటిని నేనే కుట్టేసుకోవాల్సింది. రెండు నెలల్లో నాలుగు భాగాలు వినేసింది. విన్న ప్రతి అధ్యాయానికీ ఎర్ర పోగుకు ఒక ముడి. ముడిని వేలితో తడిమి కథ చెప్పేది. నేను మరచిపోయినవి కూడా చెప్పేది.

"నన్ను గూడ తోల్కపో. మెట్రో ఎక్కినట్టయితది" అంది ఒక ఆదివారం. మూడు స్టేషన్లే కదా అని తీసుకుపోయాను. ఆరోజు నడుస్తున్న వాదన దారిశాలువ గురించి. గాజుకొండకు దారి ఆ శాలువలోనే ఉంటుంది. దాన్ని రాణి ఒక్క రాత్రిలో ఎలా నేసింది అని అందరూ గొడవ పడుతున్నారు. నేను మంత్రం అన్నాను. శ్రవణ్‌కుమార్ లెక్క వేసి కుదరదన్నాడు.

నానమ్మ గొంతు సవరించుకుంది. "నేసుడు ఒక్క రాత్రే గావొచ్చు బిడ్డ. దారి శాలువల లేదు, నూలుల ఉన్నది. నేసే ముందలనే నూలుకు రబ్బరు ముక్కలు గట్టిగ కట్టి రంగుల ముంచుతం. కట్టిన కాడ రంగు పట్టది. గట్లనే బొమ్మ తయారైతది. నేసేటోనికి దారి తెల్వక్కర్లే. కట్టిన ముసల్ది నీలవ్వకే అంతా ఎర్క."

శ్రవణ్‌కుమార్ లెక్క ఆపేశాడు. నీలవ్వ ఆ కథలో రంగులు వేసే ముసలామె. నాలుగు భాగాల్లో కలిపి పది పేజీలు కూడా ఉండదు. ఐదో భాగం చివర్లో ఒక అధ్యాయం ఆమెదే, అయినా ఆమె పనిని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

"అమ్మో! ఇన్నేళ్లుగా చదువుతున్నాం, మనకెవరికీ తట్టలేదేంటండీ!" అన్నారు ఇందిరాదేవిగారు. ఆమె విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగిని. లేచి వచ్చి నానమ్మ చేతులు పట్టుకుని, ఆసు తిప్పిన నలభై ఏళ్ల కథ అడిగి చెప్పించుకున్నారు. ఆరోజే, ఆ గంటలోనే, నానమ్మకు కొండపేరు పెట్టేశారు. ఆసవ్వ.

నాకు ఎనిమిది నెలలు పట్టింది. గొడుగు. ఆమెకు ఒక్క గంట. ఆసవ్వ!

అప్పటి నుంచి నా బతుకు మారిపోయింది. టిఫిన్ సెంటర్ వాళ్లు కూడా ఆమెకే మెత్తటి ఇడ్లీలు ఏరి పెట్టేవాళ్లు. ఫోన్ గ్రూపులో "ఆసవ్వ ఏమన్నరు?" అని అడిగేవాళ్లు. ఆమె చెప్పింది టైపు చేసి పెట్టేది నేను. అందరూ దండాలు పెట్టేది ఆమెకు. కొత్తగా చేరినవాళ్లకు శ్రవణ్‌కుమార్ నన్ను చూపించి, "భాగ్యమ్మగారి మనవరాలు" అన్నాడు. నా పేరు చెప్పడం మరచిపోయాడు. ఆ మాట కడుపులో మిరపకాయలా పడి అక్కడే ఉండిపోయింది.

ఇంతలో ఆరో భాగం వస్తోందని తెలిసింది. కొత్త భాగం వచ్చినప్పుడు కొండవాసులు అంతకుముందు భాగం మీద ప్రశ్నలు వేసుకుంటారు. గెలిచినవాళ్లు కొత్త పుస్తకం విప్పి, మొదటి అధ్యాయం అందరికీ చదివి వినిపిస్తారు. అప్పటిదాకా ఎవరూ అట్ట తెరవరు. నేను చేరినప్పటి నుంచీ కలగంటున్నది దాని కోసమే. షాపులో మడతలు పెడుతూ ఆ చదవడాన్ని మనసులో ఎన్నిసార్లు సాధన చేశానో. కానీ శ్రవణ్‌కుమార్ అప్పుడే అనేశాడు. "ఈసారి ఆసవ్వదే, ఇంకేముంది!"

నానమ్మకు ఐదో భాగంలో చివరి అధ్యాయం ఒక్కటే మిగిలి ఉంది. ప్రశ్నలు ఎప్పుడూ దాంట్లోంచే ఎక్కువ వస్తాయి.

అందులో రాజు నీలవ్వను బంధిస్తాడు. దారిశాలువ మళ్లీ తయారు చేయమంటాడు. ఆ శాలువ చూసి నడిచిన సైనికులు కొండకు బదులు చెరువులో పడతారు. నీలవ్వ ఏం చేసిందన్నదే అధ్యాయమంతా. శనివారం పొద్దున నేను గడపలో కూర్చుని, పుస్తకం ముందు పెట్టుకుని, అందులో లేనిది చదివాను. నీలవ్వ నేసిన శాలువను మగ్గం మీద నుంచి దొంగిలించి, దానికి ముడులు కట్టి నీలిరంగులో ముంచిందని, దాంతో కొత్త దారి పడిందని చెప్పాను. గొంతు మార్చి, సైనికుల అరుపులు కూడా పెట్టి, నిజం కంటే బాగా చదివాను.

నానమ్మ పోగు చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది.

"గట్లనే ఉన్నదా?"

"ఇగో, గింత పెద్దగ రాసి ఉన్నది!"

"సరే" అని ఎర్ర పోగు మడిచి రవికలో దోపుకుంది. ముడి వేయలేదు. నేనది చూశాను. మరచిపోయిందిలే అనుకున్నాను.

ఆదివారం కొత్త పుస్తకం బల్ల మీద ఎర్రగుడ్డలో చుట్టి ఉంది. ఒక్కొక్కరే ఓడిపోయారు. చివరికి నేనూ నానమ్మా మిగిలాం. ఆఖరి ప్రశ్న సరిగ్గా అదే వచ్చింది.

"నీలవ్వ సైనికులను దారి ఎట్ల తప్పించింది? ముందుగాల ఆసవ్వ చెప్పాలె" అన్నాడు శ్రవణ్‌కుమార్.

నేను ఎర్రగుడ్డ వైపు చూశాను. ఆమె తప్పు చెబుతుంది. నేను ఒప్పు చెబుతాను. పుస్తకం నాది. అలా అనుకుంటున్నప్పుడు సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు.

నానమ్మ పోగు తీసింది. చివరి ముడి తర్వాత ఉన్న ఖాళీ నూలును వేలితో నిమిరింది.

"నేసిన బట్టకు ముడేసి ముంచిందని విన్న. గది అబద్ధం. నేసిన బట్టకు ముడేస్తే చుక్కలొస్తయి, దారి రాదు. గీ పుస్తకం రాసినాయనకు పని తెల్సు, నాలుగు భాగాల్ల ఒక్క తప్పు రాయలే. గంత తప్పు ఇప్పుడెందుకు రాస్తడు? నీలవ్వ నూలు కట్టేటప్పుడే ఒక్క కట్టు జర పక్కకు జరిపి ఉంటది. ఒక్కటి జరిగితే సాలు, దారి మొత్తం ఒంగుతది. నేసేటోనికి గూడ తెల్వదు. నేనైతే గట్లనే చేస్త."

"కరెక్ట్!" అని శ్రవణ్‌కుమార్ బల్ల మీద కొట్టాడు. "అచ్చం గిదే ఉన్నది!"

చప్పట్లు మోగాయి. నేను తల ఎత్తలేదు. షాపులో రోజూ పోచంపల్లి చీరలు మడత పెడతాను. అవి ఎలా తయారవుతాయో ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు. ఆ అబద్ధం ఎవరు చెప్పారని ఎవరో ఒకరు అడుగుతారని చూశాను. ఇందిరాదేవిగారు నోరు తెరిచారు కూడా. "ఎవరండీ మీకలా..."

"ఎవరో తియ్యమ్మా. చిన్నపిల్ల" అని నానమ్మ ఎర్రగుడ్డ విప్పింది. పుస్తకాన్ని ఒకసారి వాసన చూసింది. "నాకు అచ్చరాలు రావని మీకందరికెర్కే. నా తరఫున ఇది సదువుతది. దీని పేరు ఇందు."

పుస్తకం నా ఒళ్లో పెట్టింది. నా చెవి దగ్గరికి వంగింది.

"ఉన్నది ఉన్నట్టు సదువు."

చదివాను. మొదటి పేజీలో రెండుసార్లు తడబడ్డాను. మూడో పేజీకి కుదురుకున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి వదల్లేదు. అధ్యాయం అయ్యాక తల ఎత్తి చూస్తే, నానమ్మ పోగుకు ముడి వేస్తోంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. సగం మంది ఆమెనే చూస్తూ కొట్టారు. అది కూడా నేను లెక్కపెట్టుకున్నాను.

తిరుగు మెట్రోలో కిటికీ వైపు చూస్తూ అడిగింది. "నా మీద గంత మంట ఏందే నీకు?"

"నువ్వొచ్చినప్పటి సంది నన్నెవరూ పేరు పెట్టి పిలుస్తలేరు. నాకు ఉన్నదే గా జాగ ఒక్కటి."

"మరి నాకు లేదా మంట? నువ్వు గా కాయితం జూసి నవ్వుతవ్. ఏమైందో నీకు ముందే ఎర్క. నేను నీ మొకం జూసుకుంట కూసోవాలె. రెండు రోజులు బడికి పోయిన, మూడో రోజు పోనిస్తే నీ కన్న మంచిగ సదువుదును."

చైతన్యపురి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేటప్పుడు ఆమె నొప్పి లేని ఎడమ చెయ్యి నా భుజం మీద వేసింది.

మర్నాడు పొద్దున గడపలో రెండో అధ్యాయం తెరిచాను. "వేలు పెట్టి సదువు. మల్ల మోసం జేస్తవ్" అని నా పక్కన ఆనుకుని కూర్చుంది. వేలు పెట్టి చదువుతున్నాను. నాలుగు రోజులకే, ఎక్కడ నీలవ్వ పేరు వచ్చినా నేను పలకకముందే "ఇగో, నీలవ్వ" అంటోంది. నిన్న 'నీరు' దగ్గర ఆగి, మొదటి అక్షరాన్ని గుర్తుపట్టి నా వైపు గర్వంగా చూసింది.

ఈమెకు చదవడం కూడా వచ్చేస్తే ఇక నాకేం మిగులుతుంది? అందుకే ఈ మధ్య వేలు కొంచెం తొందరగా జరుపుతున్నాను.